ఒక కొమ్ముకు ఒకే స్వరం

పదిహేడో భాగం

లారీ మా గేటు ముందు ఆగిన చోట కిందటి వారం మిమ్మల్ని వదిలేశాను. అప్పటికి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. తెల్లవారి పదింటికి మా తొమ్మిది ఇళ్ళ మ్యూజియం తలుపులు తెరవాలి. తోంగా, లోజీ, ఈలా, లెంజే, తోకా, న్కోయా, సోలీ, లువాలే, గోబా జాతులకు తలా ఒక ఇల్లు కట్టాం. గోడలు ఆరాయి, కప్పులకు కొత్త గడ్డి పడింది. తొమ్మిది జాతుల నాయకులూ వస్తున్నారు. తోంగా ఇంటి నడుమ గాజు పెట్టెలో ఏడు చావు డోళ్ళు, పది న్యేలే కొమ్ములు, అంటే ఊదే జింక కొమ్ములు, ఉన్నాయి. వాటిని తీసుకుపోతామంటూ కరీబా లోయ నుంచి సియంకుకు తాత ఆ లారీలో దిగాడు. పెట్టెకు రెండు తాళాలు. ఒక చెవి మా డైరెక్టర్ ఇమాసికు గారి దగ్గర ఉంటుంది, రెండోది నా నడుముకు వేలాడుతుంది. నా పేరు లుయాండో. తోంగా ఇంటి బాధ్యత నాది. నేనూ తోంగా పిల్లనే, లోయ వదిలి మెరకకు వచ్చిన వాళ్ళ మనవరాలిని.

లారీ దిగడానికే వాళ్ళకు పావుగంట పట్టింది. తొమ్మిది మంది ముసలివాళ్ళు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కాలు కింద ఆనిందో లేదో చూసుకుంటూ దిగారు. వాళ్ళలో ఒకాయనకు రెండు కళ్ళూ లేవు. వెనకాల డోళ్ళు మోయడానికి ముగ్గురు దిట్టమైన మనుషులు. అందరిలోకీ పొట్టివాడు, అందరిలోకీ నోరున్నవాడు సియంకుకు తాత. మోకాళ్ళ మీద కూర్చుని చప్పట్లతో పలకరించి నీళ్ళు ఇచ్చాను. తాగి, చెంబు పక్కవాడికి అందించాడు.

“ప్రయాణం ఎలా సాగింది తాతా?”

“ఎముకలన్నీ దేనికది విడిగా వచ్చాయమ్మా. ఇప్పుడు ఎవరివి ఎవరికో పంచుకోవాలి.” కర్ర నేలకు ఆనించి అప్పుడు అన్నాడు. “ముచిందు వాళ్ళమ్మ పోయింది. బుధవారం, పొద్దుగూకే వేళ.”

ముచిందు వాళ్ళమ్మ అంటే తాతకు స్వయానా అక్క. ఆమె సొంత పేరు ఏమిటో లోయలో చాలామందికి తెలియదు. ఆ డోళ్ళు ఆమె తల్లి వంశానివి. ఆరేళ్ళ కిందట వాటిని మాకు అప్పగించినప్పుడు కొమ్ములన్నీ చేటలో పెట్టి నెత్తిన పెట్టుకుని ఆమే తెచ్చింది. అప్పటికే ఎనభైకి దగ్గర. ఊళ్ళో కుర్రకారు కొమ్ములు ఎత్తుకుపోయి జలపాతం దగ్గర దొరలకు అమ్ముకుంటున్నారని, తాళం ఉన్న చోటు కావాలని వచ్చింది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని “దుమ్ము దులిపేటప్పుడు ఊరికే దులపకు, నాలుగు మాటలు మాట్లాడుతూ దులుపు” అంది. నేను నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

“రేపు పొద్దున్నే మట్టి చెయ్యాలి,” అన్నాడు తాత. “లోయలో ఎండ ఎట్టా ఉందో నీకు చెప్పక్కర్లేదు. చిన్నాచితకా చావులకు పక్క ఊరి డోళ్ళు తెచ్చుకున్నాం, సర్దుకున్నాం. డోళ్ళకు యజమానురాలినే అరువు డోళ్ళతో సాగనంపితే, రేపు మేం పోయి ఆవిడకు మొహం ఎట్టా చూపిస్తాం?”

ఇమాసికు గారు అప్పుడే వచ్చారు. తెల్లచొక్కా, మెడకు టై, చంకలో కాగితాల అట్ట. ఆయన లోజీ మనిషి. ఈ మ్యూజియం కోసం పద్నాలుగేళ్ళు తిరగని కార్యాలయం లేదు, ఎక్కని గుమ్మం లేదు. ప్రతి కొమ్మునూ స్వయంగా కొలిచి, పొడవు ప్రకారం ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి పేర్చింది ఆయనే. మంచివాడు. కాకపోతే కాగితం మీద లేనిది లోకంలో లేదనుకుంటారు.

“పెద్దాయనా, మీ దుఃఖం మాది కూడా,” అన్నారు. “కానీ ఇవి మీరు మ్యూజియానికి శాశ్వతంగా ఇచ్చారు. ఇదిగో, ఊరి పెద్దల వేలిముద్రలు. మీదీ ఉంది, మీ అక్కగారిదీ ఉంది.”

“ఉంది. కాదన్నానా? నా వేలే అది. ఇంకా సిరా పోలేదు.”

“శాశ్వతంగా అంటే ఎప్పటికీ అని.”

“అవును. ఎప్పటికీ మీరే మేపుతారు, మేం వద్దన్నామా? పాలు మీవి, పేడ మీది. ఆవు మాత్రం మాదే కదయ్యా.”

ఇమాసికు గారు నా వైపు చూశారు. నాకు అప్పుడు అర్థమైంది. మా తోంగావాళ్ళలో ఉన్న పశువులన్నీ ఒకే దొడ్లో ఉంచుకునేవాడు తెలివితక్కువవాడి కింద లెక్క. పది ఆవులు స్నేహితుడి దొడ్లో, అయిదు బావమరిది దొడ్లో మేపుకు వదులుతాం. మేపేవాడు పాలు తాగుతాడు, పొలం దున్నుకుంటాడు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఇంట్లో చావు జరిగిన రోజున మాత్రం యజమాని పలుపుతాడు పట్టుకుని వస్తాడు. ఎందుకని ఎవరూ అడగరు. ఊరు ఊరంతా మ్యూజియం అంటే తాళం ఉన్న పెద్ద దొడ్డి అనుకున్నారు. ఆ కాగితం ఆరేళ్ళ కిందట చదివి వినిపించింది నేనే. అందరూ తలలూపారు. దేనికి ఊపుతున్నారో నేను అడగలేదు, తోంగా పిల్లనై ఉండీ.

ఆ మాటే ఆయనతో చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“లుయాండో, నాకు అర్థమవుతోంది. కానీ ఇవాళ వీళ్ళు డోళ్ళు అడిగారు. రేపు ఈలావాళ్ళు ఈటెలు అడుగుతారు. ఎల్లుండి లువాలేవాళ్ళు ముఖపు తొడుగులు అడుగుతారు. తొమ్మిది ఇళ్ళూ తలుపులు తీసిన సంతలా అయిపోతాయి. పొద్దున్న నాయకులంతా మొట్టమొదట వచ్చేది ఈ ఇంటికే. నడుమ ఖాళీ పెట్టె చూపించి ఏం చెప్పను?” అని, తాత వైపు తిరిగి, “కుదరదు పెద్దాయనా. ప్రారంభం అయిపోనివ్వండి, సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం,” అన్నారు.

“సోమవారం దాకా ఆగమని మా అక్కతో చెప్తావా?”

తాత తోంగా ఇంట్లోకి నడిచాడు. మేమందరం వెనకే వెళ్ళాం. గాజు పెట్టె పక్కన పీట మీద కట్టెతో చేసిన నిలువెత్తు బొమ్మ ఒకటి కూర్చుని ఉంటుంది. తోంగా పెద్దమనిషి అని కింద పలక. తాత దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఎవడమ్మా వీడు?”

“తోంగా పెద్దమనిషి, తాతా.”

“ముక్కు చూస్తే న్కోయావాడిలా ఉన్నాడే. సరే, వీడిని ఇంటికి పంపించెయ్. అసలువాడు వచ్చాడు.” బొమ్మను రెండు చంకల కింద పట్టుకుని ఎత్తి గోడకు ఆనించి, పీట మీద తాను కూర్చున్నాడు. కర్ర కాళ్ళ మధ్య నిలబెట్టి గడ్డం పైకెత్తాడు. “రాసుకో బావా. ముసలి తోంగా, ఒకటి. పొడవు తక్కువ. రేపు నాయకులొచ్చినప్పుడు కూడా ఇట్టాగే కూచుంటా. అంకె ఎక్కడ అంటిస్తావ్, నుదుటి మీదా?”

మిగతా ఎనిమిది మంది ముసలివాళ్ళూ వరసగా గోడవారన చతికిలబడ్డారు. వాళ్ళకూ అంకెలు కావాలట.

తాత బావా అనడం నేను గమనించాను. ఇమాసికు గారు కూడా గమనించారని ఆయన దవడ బిగుసుకోవడంలో తెలిసింది. లోజీలకూ మాకూ ఎప్పటి నుంచో పరాచికపు వరస. లోజీవాడు కనిపిస్తే తోంగావాడు ఆడిపోసుకోవాలి, తోంగావాడు కనిపిస్తే లోజీవాడు. కోపం తెచ్చుకోవడానికి వీల్లేదు, తెచ్చుకుంటే ఓడినట్టు. బజారులో, బస్సులో, కచేరీలో కూడా నడుస్తుంది. ఇమాసికు గారు మాత్రం ఉద్యోగంలో ఉన్నంతసేపు ఆ వరస కలపరు. పద్నాలుగేళ్ళలో ఎవరు ఎంత కవ్వించినా చిరునవ్వు నవ్వి పక్కకు తప్పుకున్నారు. వరస కలిస్తే దాని వెనక ఏమేం వస్తాయో ఆయనకు తెలుసు.

“ఏం బావా, మాటలేదే?” తాత మొదలుపెట్టాడు. “గొంతులో చేపముల్లు ఇరుక్కుందా? ముద్ద మింగు, పోద్ది.”

ఆయన కాగితాలు సర్దుకున్నారు.

“మీ జాతంటే నాకు మహా గౌరవం బావా. ఏటా వరదొస్తదని తెలుసు. అయినా పోయి పోయి ఆ పల్లంలోనే ఇల్లు కట్టుకుంటారు. నీళ్ళు రాగానే రాజుగారిని పడవెక్కించి పరుగో పరుగు. పారిపోయేవాడికి డప్పులెందుకో, దాన్ని పండగ అనడమెందుకో, నాకీ వయసొచ్చినా బోధపళ్ళేదు.”

ముసలివాళ్ళు కిసకిసా నవ్వారు. గుడ్డి ఆయన మోకాలు చరుచుకున్నాడు. ఇమాసికు గారి మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. వారం రోజులుగా ఆయన కంటి నిండా నిద్రపోలేదు. అదే కారణమై ఉంటుంది.

“మాకు ఏటా వస్తాయి నీళ్ళు, మేం పండగ చేసుకుంటాం,” అన్నారు. “మీకు ఒక్కసారొచ్చాయి. నలభై ఆరేళ్ళ నుంచి ముక్కు చీదుతూనే ఉన్నారు.”

నవ్వు ఠక్కున ఆగిపోయింది.

మా మెరక మీద లోయవాళ్ళతో ఆ మాట అనే మనిషి లేడు. ఆనకట్ట కట్టి లోయ నిండా నీళ్ళు నిలిపినప్పుడు వాళ్ళ చేలు, గుళ్ళు, సమాధులు అన్నీ అడుగున ఉండిపోయాయి. మా అమ్మమ్మ తల్లి సమాధి మీద ఇప్పుడు చేపల పడవలు తిరుగుతున్నాయి. ఇమాసికు గారి మొహం బూడిద రంగుకు తిరిగింది.

అప్పుడు సియంకుకు తాత నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కర్ర చేతిలోంచి జారింది, చివరికి దగ్గు తెరలో పడి పక్కవాడు వీపు నిమరవలసి వచ్చింది.

“విన్నార్రా? విన్నార్రా వీణ్ణి?” కళ్ళు తుడుచుకున్నాడు. “నలభై ఆరేళ్ళు. వచ్చిన ప్రతివాడూ అయ్యో పాపం అన్నవాడే. దొరలొచ్చారు, అయ్యో పాపం. మంత్రులొచ్చారు, అయ్యో పాపం. అయ్యో పాపం అని అనీ మమ్మల్ని సగం చంపారు. మనిషితో మాట్టాడినట్టు మాట్టాడినవాడు ఇన్నాళ్ళకు ఒక్కడు దొరికాడు, వాడూ లోజీవాడే. ఇదిగో బావా, ఇక చచ్చినా నిన్ను వదలను.”

అని పీట మీంచి లేచి వచ్చి ఇమాసికు గారి చెయ్యి పట్టుకున్నాడు. గొంతు మారింది.

“వరస ఒప్పుకున్నావు. అందరూ విన్నారు. ఇప్పుడు చెప్పు. మా ఇంట్లో శవం ఉంది. బావ చావింటికి వట్టి చేతుల్తో వస్తాడా?”

ఇది తెలియాలి మీకు. పరాచికపు వరస నవ్వుకోవడానికి మాత్రమే ఉన్నది కాదు. చావు జరిగితే గొయ్యి తవ్వేది, శవాన్ని మోసేది, ఏడ్చేవాళ్ళను బలవంతాన నవ్వించి గంజి తాగించేది ఆ వరసవాళ్ళే. అయినవాళ్ళ చేతులు చెయ్యలేని పనులన్నీ వాళ్ళ చేతుల మీదుగా జరుగుతాయి. ఒకసారి వరస కలిపి, చావు కబురు విని, మొహం తిప్పుకున్న మనిషిని లోజీలే తమలో కలుపుకోరు.

ఇమాసికు గారు చాలాసేపు ఆ ముసలి చేతికేసి చూస్తూ నిలబడ్డారు. ఆయన పద్నాలుగేళ్ళ కష్టం ఒక పక్క, ఇది ఒక పక్క. నాకు ఆయన మీద జాలి వేసింది.

“పొద్దున్న ఖాళీ పెట్టె ఉంటుంది,” అన్నారు చివరికి, తనతో తాను అనుకుంటున్నట్టు.

“ఖాళీ ఎందుకవుద్ది? ఇంటికి తాళం కనిపిస్తే ఆ ఇంట్లో వాళ్ళు చచ్చారనుకుంటామా? పనిమీద పోయారనుకుంటాం.”

ఆయన అట్ట మీది కాగితం తిరగేసి, కలం తీసి, నిలబడే ఏదో రాశారు. గాజుకు అంటించారు. తాత నన్ను చదవమన్నాడు. చదివాను.

“ఈ డోళ్ళు, ఈ కొమ్ములు చావు పనిమీద లోయకు వెళ్ళాయి. పని కాగానే వస్తాయి.”

“ఇప్పుడు నువ్వు మనిషి భాష రాశావు,” అన్నాడు తాత.

ఆయన తాళం ఆయన తీశారు, నా తాళం నేను తీశాను. పెట్టెలో మూసి ఉన్న పొగ వాసన, తోలు వాసన, ఆముదం వాసన ఒక్కసారిగా ఇల్లంతా నిండాయి. ముసలివాళ్ళు లేచారు. ఒక్కొక్కరే పెట్టె దగ్గరికి వచ్చి చెయ్యి చాచారు. అంకెలు చూసినవాడు లేడు. ఒకాయన మూడో కొమ్ము తీసుకున్నాడు, ఇంకొకాయన తొమ్మిదోది. గుడ్డి ఆయన వేళ్ళతో నాలుగు తడిమి వదిలేశాడు. అయిదోది తాకగానే దాని అంచున ఉన్న పగులు మీద బొటనవేలు ఆపి, నవ్వి, గుండెకు ఆనించుకున్నాడు. ఆ పగులును నేను ఎన్నోసార్లు తుడిచాను. అది ఒక మనిషి వేలు కోసం అక్కడ ఉన్నదని నాకు తెలియదు.

పొడవు ప్రకారం ఇమాసికు గారు పేర్చిన వరస అంతా కలగాపులగమైపోయింది. ఆయన ఏ కొమ్ము పక్కన ఏ కొమ్ము నిలబడిందో కళ్ళార్పకుండా చూస్తున్నారు.

పెట్టెలో ఏడో అంకె కొమ్ము ఒకటి మిగిలిపోయింది. మోతగాళ్ళలో ఎవరికైనా ఇద్దామని చేతిలోకి తీశాను.

“దాన్ని ఎవరికీ ఇవ్వకమ్మా,” అన్నాడు తాత. “మా మేనల్లుడు ముచిందుది. వాడు లేడు. దాని చోటు ఖాళీగా వదుల్తాం.” దాన్ని తన అంగవస్త్రంలో చుట్టి నడుముకు దోపుకున్నాడు.

డోళ్ళను నోరు మూసి తీసుకుపోకూడదట. ఎక్కడికి, ఎవరి కోసం వెళ్తున్నాయో వాటికి ముందు చెప్పాలట. అందుకని నడుమ ముంగిట్లో నిలబడ్డారు. మోతగాళ్ళు ముగ్గురూ ఏడు డోళ్ళూ పంచుకుని కాళ్ళ మధ్య, పక్కన పెట్టుకున్నారు. తొమ్మిది మంది ముసలివాళ్ళు గుండ్రంగా చేరి, గేటుకు వీపు పెట్టి తాత నిలబడ్డాడు. చుట్టూ మామూలు సందడి నడుస్తోంది. లోజీ ఇంటి దగ్గర ఆడవాళ్ళు చాపలు విదిలిస్తున్నారు, లువాలే ఇంటి మీద ఒకతను గడ్డి సరిచేస్తున్నాడు. రేపటి కోసం దూరాల నుంచి వచ్చిన బృందాలు మూటలు దించుకుంటున్నాయి. నది ఆవలి ఒడ్డు నుంచి, సరిహద్దు దాటి వచ్చిన బస్సు ఒకటి లారీ అడ్డం ఉండటంతో గేటు బయటే ఆగింది.

పెద్ద డోలు ఒక్క దెబ్బ పడింది. మొదట నాకు ఏమీ అర్థం కాలేదు. ఒకాయన కొమ్ము అడ్డంగా పెదవులకు పెట్టి ఒక్కసారి ఊది ఊరుకున్నాడు. రెండో ఆయన ఇంకో స్వరం. మూడో ఆయన ఇంకొకటి. ఒక కొమ్ముకు ఒకే స్వరం ఉంది, ఒక మనిషికి ఒకే కొమ్ము ఉంది. ఇదేనా అనుకున్నాను. వాళ్ళ కాళ్ళు కదిలాయి. గుండ్రం తిరగడం మొదలైంది. స్వరాలు ఒకదాని వెనక ఒకటి, తర్వాత ఒకదాని మీద ఒకటి పడసాగాయి. చూస్తుండగానే ఆ మనుషుల మధ్య ఉన్న ఖాళీ జాగాలో ఒక పాట లేచి నిలబడింది. అది ఎవరి నోట్లోంచీ రావడం లేదు. వాళ్ళలో ఏ ఒక్కరిని అడిగినా ఆ పాట పాడలేరు, ఎవరికీ అది మొత్తంగా తెలియదు. అందరూ ఉంటేనే అది ఉంది. లారీ దిగడానికి పావుగంట పట్టిన కాళ్ళు ఎర్ర దుమ్ము లేపుతూ పరుగెడుతున్నాయి.

ఆరేళ్ళు, ఇళ్ళు ఇంకా కడుతుండగానే, వాటి పక్కన కూర్చుని చూడవచ్చిన బడి పిల్లలకు వివరాలు చెప్పాను. కొమ్ము పొడవు చెప్పాను, ఏ జింకదో చెప్పాను. నేను చెప్పినదానిలో ఇది రవ్వంత కూడా లేదు. చాపలు విదిల్చే ఆడవాళ్ళు చాపలు వదిలేసి మోకాళ్ళ మీద కూర్చున్నారు. కప్పు మీది లువాలే మనిషి నిచ్చెన దిగి వచ్చి తలగుడ్డ తీశాడు. తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ వచ్చారు, ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఇమాసికు గారు టై వేసుకున్న మనిషి, ఆ దుమ్ములోనే, తమ రాజు ముందు కూర్చున్నట్టు కూర్చుని మెల్లగా చేతులు తట్టసాగారు.

ప్రతి చుట్టులోనూ ఒక చోట పాట అర క్షణం ఆగేది. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఉండేది. గుండె ఝల్లుమనేలోపు మళ్ళీ అందుకునేది. మేనల్లుడి చోటు అదేనని తెలిసింది. వాళ్ళు దాన్ని ఎంత జాగ్రత్తగా దాటుతున్నారంటే, అక్కడ ఎవరో పడుకుని ఉన్నారేమో అనిపించింది.

నాలుగో చుట్టులో ఆ చోటు నిండింది.

కొమ్ము కాదు, మనిషి గొంతు. గేటు దగ్గర నుంచి వచ్చింది. లోతుగా, కాస్త వణుకుతూ, సరిగ్గా ఆ అర క్షణంలో పడి తప్పుకుంది. ఎవరో ఆకతాయి అనుకుని నేను అటు తిరిగాను. అయిదో చుట్టులో మళ్ళీ వచ్చింది. ఈసారి వణుకు లేదు. మెట్టు లేని చోట మెట్టు వచ్చింది. పాట మొదటిసారి కాలు జారకుండా చుట్టు పూర్తిచేసింది. అంత వరకూ నేను విన్నది సగం పాటేనని అప్పుడు తెలిసింది.

ముసలివాళ్ళ మొహాల్లో నెత్తురు లేదు. గుడ్డి ఆయన బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి. అయినా ఎవరూ ఆగలేదు. ఎత్తిన డోలు ఏడు చుట్లు పూర్తి కాకుండా దించకూడదు. ఏడు పూర్తయ్యాయి. పెద్ద డోలు మీద అరచెయ్యి పడింది.

సియంకుకు తాత తన మొదటి చోట, గేటుకు వీపు పెట్టి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

“లుయాండో,” అన్నాడు. “గేటు దగ్గర ఎవరున్నారో చూసి చెప్పు.”

“ఒక ముసలాయన తాతా. ఆవలి ఒడ్డు బస్సులోంచి దిగినట్టున్నాడు. పొడుగ్గా ఉన్నాడు. ఎడం చెవి తమ్మె చిరిగి ఉంది.”

ఎనిమిది మందిలో ఇద్దరు ఉన్నచోటే నేల మీద కూలబడ్డారు.

“లోపలికి వస్తున్నాడా?”

“లేదు. గేటు తీసే ఉంది గానీ అడుగు పెట్టడం లేదు.”

“పెట్టడు. వాడికి తెలుసు.” తాత తన కొమ్మును కిందికి దించాడు. “నీళ్ళొచ్చిన ఏడాది వాడు ఆవలి ఒడ్డుకు పోయాడు. పడవ తిరగబడిందని కబురొచ్చింది. ఈవలికి లారీలొచ్చి మమ్మల్ని ఎక్కించుకుంటున్నాయి. శవం దొరకలేదు. వాడి పేరున డోళ్ళు ఎత్తించింది నేను. వద్దురా తమ్ముడూ, నా మనసు ఒప్పుకోవట్లేదురా అని మా అక్క కాళ్ళ మీద పడింది. పెద్దమనిషిని కదా, వినలేదు. చావుకు తప్ప మోగని డోళ్ళు బతికున్నవాడికి మోగాయి. ఏడ్చి సాగనంపిన మనిషికి మా గడప లేదు. వాణ్ణి పలకరించడానికి మాకు నోరు లేదు.”

తాత నడుముకున్న మూట విప్పి ఏడో కొమ్ము తీశాడు. దుమ్ములో కూర్చున్న ఇమాసికు గారి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“బావా. ఆ రోజు ఏడ్చినవాళ్ళలో నువ్వు లేవు కదా?”

“లేను,” అన్నారు ఆయన.

“అయితే నీకు వాడు చావలేదు. ఇది పట్టుకెళ్ళు.”

ఇమాసికు గారు లేచారు. మోకాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకోలేదు. తాను కొలిచి అంకె వేసిన కొమ్మును రెండు అరచేతుల్లో పెట్టుకుని గేటు వైపు నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. అంత దూరం ఎప్పుడూ లేదు ఆ ముంగిలి.

గేటు బయట ఉన్న మనిషికి అరవై అయిదు పైనే ఉంటాయి. ఇస్త్రీ చేసిన పాత కోటు వేసుకున్నాడు. చేతిలో గుడ్డసంచి, అందులోంచి పూల కొత్తబట్ట అంచు ఒకటి కనిపిస్తోంది, ముసలి ఆడవాళ్ళు కట్టుకునే రకం. కొమ్ము చూశాడు. చెయ్యి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. మా భుజాల మీదుగా, వీపు తిప్పి నిలబడ్డ ఆ పొట్టి మనిషి వైపు చూశాడు.

“డోళ్ళు మోగాయి కదయ్యా,” అన్నాడు ఇమాసికు గారితో, మా లోయ మాటలో. “ఎవరు పోయారు?”

ఇమాసికు గారు నా వైపు తిరిగారు. ఆ మనిషి జవాబు కోసం ఆగలేదు. లారీ వైపు, దాని వెనక భాగం వైపు, మెడ సాచి వెతుక్కుంటూ ఇంకోటి అడిగాడు.

“మా అమ్మ కూడా వచ్చిందా?”